రాయ్ వార్డ్ బేకర్ చిత్రములు: ఒక పరిశీలన

ఆంగ్ల చలనచిత్ర చరిత్రలను గూర్చిన గ్రంథములందు హిచ్‌కాక్, డేవిడ్ లీన్, కారల్ రీడ్ వంటి దర్శకులకు అధ్యాయములు కలవు. రాయ్ వార్డ్ బేకర్ అనువానికి సామాన్యముగా ఒక పేరా దొరకును. ఆ పేరాలో ఒకే చిత్రము పేరు ప్రముఖముగా కన్పట్టును. అది టైటానిక్ ఓడ మునుగుటను గూర్చి 1958లో వెలువడిన ‘ఎ నైట్ టు రిమెంబర్’. పిదప అతడు టెలివిజనుకు పోయెననియు, రక్తపిశాచుల కథలు తీసెననియు ఒకటి రెండు వాక్యములలో చెప్పి విమర్శకుడు తరువాతి పేరునకు పోవును. నేర్పరియైన పనివాడే కాని కళాస్రష్ట కాడని తీర్పు.

ఈ తీర్పులో సగము సత్యము. ఆ సగమును మేము కాదనము. మిగిలిన సగమును పరిశీలింపక వదలుట న్యాయము కాదని తోచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. పరభాషల నడుమ తరతరములుగా కాపురముండు మన కుటుంబములవారు ఇతని చిత్రములలో మూడు నాలుగింటిని ప్రత్యేకముగా చూడదగునని మా అభిప్రాయము. అందులకు కారణము ముందు ముందు విదితము కాగలదు.

బేకరు 1916 డిసెంబరు 19వ తేదీన లండనులో జన్మించెను. 1934లో గెయిన్స్‌బరో స్టూడియోలో చేరునప్పటికి అతనికి పదునెనిమిదేండ్లు నిండలేదు. మొదటి ఉద్యోగము పెద్దలకు తేనీరు అందించుట, చెప్పిన చోటికి పరుగెత్తుట. అచ్చటినుండి మెట్టు మెట్టుగా ఎక్కి సహాయక దర్శకుడై, హిచ్‌కాక్ చిత్రము ‘ది లేడీ వానిషెస్’ (1938)కు పనిచేసెను. యుద్ధకాలమున సైన్యపు చలనచిత్ర విభాగములో చేరగా, అచ్చట ఎరిక్ ఆంబ్లర్ అను ప్రసిద్ధ నవలాకారుడు అతనికి పై అధికారి యయ్యెను. యుద్ధము ముగిసిన పిమ్మట ఆంబ్లర్ తాను వ్రాసి నిర్మించిన ‘ది అక్టోబర్ మాన్’ (1947) చిత్రమునకు ఈ యువకునే దర్శకునిగా కోరుకొనెను. క్రింది మెట్టున ఉన్నవాని పని పై అధికారి కంటబడుట ఎంత అరుదో కొలువు చేసినవారికెల్ల తెలియును.

ఆ మొదటి చిత్రములోనే అతని పద్ధతి కొంత బయటపడినది. బస్సు ప్రమాదములో మిత్రుని బిడ్డ మరణించినందుకు కుమిలిపోవుచున్న ఒక రసాయన శాస్త్రజ్ఞుడు, తలకు తగిలిన గాయము మానిన పిదప, ఒక అద్దె వసతి గృహమున దిగును. అచ్చటనే ఉన్న ఒక యువతి హత్య చేయబడగా అందఱి చూపులు ఇతనిపై పడును. క్రొత్తగా వచ్చినవాడు, ఒంటరివాడు, మునుపు వైద్యాలయములో ఉన్నవాడు. ఇంతకంటె ఋజువు ఏమి కావలెను? జాన్ మిల్స్ ఆ పాత్రను ధరించెను. పగటివేళ భోజనపు బల్లవద్ద మర్యాద, సాయంకాలము తలుపుచాటున గుసగుసలు. ఒక యింటిలోనివారు ఒక మనిషిని నెమ్మదిగా వెలివేయుటను దర్శకుడు చూపిన తీరు, హత్య చేసినవాడెవడను ప్రశ్నకంటె మమ్ము ఎక్కువగా ఆకట్టుకొనినది.

అటుపిమ్మట ఇతనికి దొరకిన కథలను వరుసగా చూచినచో ఒక విచిత్రము గోచరించును. కథలను ఎన్నుకొను స్వాతంత్ర్యము అతనికి అంతగా లేదు. సంస్థవారు ఇచ్చినది తీసినాడు. ఐనను మరల మరల ఒకే స్థితి వచ్చి అతని ముందు నిలుచుచుండెను. కొద్దిమంది మనుష్యులు, మూసిన చోటు, గడువు తీరిపోవుచున్న కాలము. ‘మార్నింగ్ డిపార్చర్’ (1950) దీనికి మంచి ఉదాహరణము. విన్యాసములకు బయలుదేరిన జలాంతర్గామి ఒకటి నీటిలో తేలుచున్న మందుపాతర తగిలి అడుగునకు చేరును. బ్రదికినవారు పండ్రెండుగురు. పైకి పోవుటకు కావలసిన శ్వాస పరికరములు అందఱికి చాలవు. ఎవరు పోవలెను, ఎవరు ఉండవలెనను దానిని పేకముక్కలు తీసి నిర్ణయింతురు. మొదట భయముతో కేకలు వేసిన పడుచువాడు, రిచర్డ్ అటెన్‌బరో ధరించిన పాత్ర, ఉండిపోయినవారి నడుమ క్రమముగా మనిషియగుట ఈ చిత్రమునందలి సారము. విడుదలకు కొలది దినములు ముందు, 1950 జనవరి 12న, ట్రుక్యులెంట్ అను నిజమైన బ్రిటిషు జలాంతర్గామి థేమ్స్ నదీముఖమున ఒక ఓడను ఢీకొని మునిగిపోయి, అందులోని నావికులు పెక్కుమంది మరణించిరి. చిత్రమును ఆపివేయవలెనా యని ఆలోచించి, తుదకు నావికులకు నివాళిగా ఒక ప్రకటనను ముందు చేర్చి విడుదల చేసిరి. ప్రేక్షకులు దానిని ఏ మనస్సుతో చూచియుందురో ఊహింపవచ్చును.

హాలీవుడ్‌లో ఇతడు గడపిన కాలము స్వల్పము. ‘డోంట్ బాదర్ టు నాక్’ (1952) ఒక హోటలులో ఒక్క రాత్రి జరుగును. మతి చలించిన పడుచు ఒకతె పసిపిల్లకు కాపలాగా కూర్చుండును. ఆ పాత్రను ధరించినది అప్పటికింకను పూర్తిగా తారాపథమున కెక్కని మెరిలిన్ మన్రో. ఆమె అందమును గాక ఆమె భయమును చూపుటకు బేకరు యత్నించెను. ఆ యత్నమును నాటివారు అంతగా మెచ్చకున్నను, నేడు ఆమె నటనను గూర్చి మాటలాడువారు ఈ చిత్రమును తప్పక తలంతురు. తరువాతి ‘ఇన్‌ఫెర్నో’ (1953) త్రిపరిమాణ చిత్రము. ఆ రోజులలో అట్టి చిత్రములు తీయువారు బల్లెములను, బంతులను ప్రేక్షకుని ముఖముపైకి విసరుటయే పనిగా పెట్టుకొనిరి. బేకరు కాలు విరిగిన మనిషిని ఒకనిని ఎడారిలో పడవేసి, ఆ లోతును ఒంటరితనమునకై వాడుకొనెను. మనిషి ముందు ఇసుక, వెనుక ఇసుక, దూరమున కొండ. పనిముట్టు ఏదియైనను దానిని కథకు లోబఱచుట ఇతని గుణము.

1957 నాటి ‘ది వన్ దట్ గాట్ అవే’ను గూర్చి ఒక మాట. యుద్ధము ముగిసి పండ్రెండేండ్లే యైనది. లండనులో బాంబులు పడిన వీథులు అప్పటికింకను పూర్తిగా బాగుపడలేదు. అట్టి సమయమున ఒక జర్మను వైమానికుని, ఫ్రాంజ్ ఫాన్ వెర్రా అను యుద్ధఖైదీని, కథానాయకునిగా నిలిపి బ్రిటిషు చిత్రమొకటి వచ్చినది. హార్డీ క్రూగర్ అను జర్మను నటుడే ఆ పాత్రను ధరించెను. ఖైదీ తప్పించుకొనుటకు యత్నించిన ప్రతిసారియు ప్రేక్షకుడు, అతడు శత్రువని మఱచి, వాని పక్షమున ఊపిరి బిగబట్టుకొనును. ఫాన్ వెర్రాను దర్శకుడు మంచివానిగా దిద్దలేదు, గొప్పలు చెప్పుకొనువానిగనే చూపెను. ఎదుటివాడు తన జాతివాడు కాకున్నను మనిషియే అను మాటను ఉపన్యాసము లేకయే చెప్పగలిగినాడు. ఇట్టిది చేయుటకు కొంత ధైర్యము కావలెను.

ఇక టైటానిక్. వాల్టర్ లార్డ్ అను అమెరికను రచయిత బ్రదికి బయటపడినవారిని పెక్కుమందిని కలిసి 1955లో ప్రకటించిన గ్రంథము దీనికి మూలము. చిత్రానువాదము ఆంబ్లర్‌ది. నిర్మాత విలియమ్ మెక్విటీ బెల్‌ఫాస్టువాడు. 1911 మే 31న ఆ ఓడ నీటిలోనికి జారుటను ఆరేండ్ల బాలుడుగా కన్నులార చూచినవాడు. టైటానిక్ నాల్గవ అధికారియగు జోసెఫ్ బాక్స్‌హాల్ అప్పటికి జీవించియుండి, చిత్రమునకు సలహాదారుగా నుండెను. పైన్‌వుడ్ స్టూడియోలో ఓడ భాగములను కట్టి, జాకీలపై నిలిపి, కొద్దికొద్దిగా వంచుచు చిత్రీకరించిరి. స్కాట్లాండులో పాతయినుముకై విడదీయబడుచున్న ఆస్టూరియాస్ అను ఓడను గూడ కొన్ని సన్నివేశములకు వాడుకొనిరి. ఇంత నిజమును కూర్చిన చిత్రమునందు నాల్గు చిన్న తునకలు 1943లో నాజీ జర్మనీ తన ప్రచారమునకై తీసిన టైటానిక్ చిత్రమునుండి ఎత్తుకొన్నవని తెలిసి మేము ఆశ్చర్యపడితిమి.

ఈ చిత్రమును మేము పలుమార్లు చూచితిమి. మొదటిసారి ఓడను చూచితిమి. రెండవసారి మనుష్యులను చూచితిమి. మూడవసారి మెట్లను, తలుపులను చూచితిమి. 1912 ఏప్రిలు 14 రాత్రి 11 గంటల 40 నిమిషములకు మంచుకొండ తగిలినది. తెల్లవారుజామున 2 గంటల 20 నిమిషములకు ఓడ మునిగినది. నడుమ రెండు గంటల నలువది నిమిషములు. చిత్రము నిడివియు ఇంచుమించు అంతకు దగ్గఱగా రెండు గంటలు. ఓడలో ఉన్నవారు సుమారు 2,200. ప్రాణరక్షక నావలు ఇరువది, అన్నియు నిండినను 1,178 మందికే చోటు. ఈ లెక్కను నౌకానిర్మాత ఆండ్రూస్ కప్తానునకు నెమ్మదిగా, ఒక చిట్టా అప్పగించినట్లు చెప్పును. కేకలు లేవు, వాద్యఘోష లేదు. ఆ తరువాత ప్రేక్షకుడు ప్రతి ముఖమును చూచి, వీనికి చోటు దొరకునా యని లోలోపల లెక్కించుచుండును.

అందఱికి ఒకే కొలత లేదని చూపుటలో బేకరు నిజాయితీ కన్పట్టును. మూడవ తరగతివారు ఇనుప తలుపులవద్ద ఆపబడుదురు. కొందఱు దారి వెదకుకొని పైకి వచ్చి మొదటి తరగతి భోజనశాలలో అడుగిడుదురు. తెల్లని గుడ్డలు, వెండి పాత్రలు, వెలుగుచున్న దీపములు. ప్రాణము దక్కించుకొనుటకు పరుగెత్తుచున్నవారు అచ్చట ఒక్క క్షణము ఆగిపోవుదురు! తాము అడుగు పెట్టకూడని చోటికి వచ్చితిమను జంకు మరణభయముకంటె ముందు వచ్చినది. ఈ యొక్క క్షణమునకై చిత్రమంతయు చూడవచ్చును. ఒక కాలము పెద్దల కచేరీ వాకిట చెప్పులు విడిచి నిలిచిన తాతముత్తాతలు గలవారికి దీనిని ఎవరును విడమరచి చెప్పనక్కఱలేదు.

లోపములు లేవని కాదు. టైటానిక్‌కు సీసా పగులగొట్టి నామకరణము చేయు ఉత్సవముతో చిత్రము ఆరంభమగును. ఆ ఓడ యజమానులకు అట్టి ఆచారమే లేదు. నిర్మాత కన్నులార చూచినవాడై యుండియు ఇది దొర్లినది. కెన్నెత్ మోర్ ధరించిన అధికారి లైటోలర్ పాత్రకు ఇతర అధికారులు చేసిన పనులు కొన్ని అంటగట్టబడినవి. కథకు ఒక మనిషి కావలెను గనుక దీనిని క్షమింపవచ్చును. ఓడ విరుగక ఒక్క ముక్కగా మునిగినట్లు చూపిరి. అది వారి తప్పు కాదు. 1985లో శిథిలములు కనుగొనబడిన పిదపనే అది రెండుగా విరిగెనని స్థిరపడినది. 1997లో జేమ్స్ కామెరాన్ తీసిన చిత్రము వర్ణవైభవమున దీనిని మించినది, సందేహము లేదు. ఐనను అందులో ప్రేయసీప్రియులు బ్రదుకుదురా యని ఎదురుచూతుము. ఇందులో ఒక నాగరకత తనపై తనకు గల నమ్మకమును ఎట్లు పోగొట్టుకొనెనో చూతుము. చివర నావలో కూర్చున్న లైటోలర్, ఇంతటి నిశ్చయముతో ఉంటిమే, ఇక దేనియందును నమ్మకము కలుగదే యని అనుకొనును. అంతటి పెద్ద ఓడ మునిగిన పిదప దర్శకుడు కోరుకొన్నది ఆ చిన్న మాటయే.

ఇంతటి విజయము తరువాత రాంక్ సంస్థవారు అతనికి అప్పగించినది ‘ది సింగర్ నాట్ ది సాంగ్’ (1961). మెక్సికోలో ఒక ఫాదరీ, ఒక బందిపోటు. బందిపోటు డిర్క్ బొగార్డ్ నల్లని తోలు లాగు ధరించి గుఱ్ఱమెక్కి తిరుగును. కథ అతనికే రుచింపలేదు. కాదనలేక ఒప్పుకొనెను. ఫలితము చెప్పనక్కఱలేదు.

అదే సంవత్సరమున వచ్చిన ‘ఫ్లేమ్ ఇన్ ది స్ట్రీట్స్’ను మాత్రము తొందరపడి దాటరాదు. 1958 వేసవి చివర లండనులోని నాటింగ్ హిల్ ప్రాంతమున వెస్టిండీస్‌నుండి వచ్చి స్థిరపడినవారిపై మూకలు దాడి చేసినవి. టెడ్ విల్లిస్ నాటకము ఆధారముగా ఈ చిత్రము అట్టి పేటలలోనికి మనలను తీసికొనిపోవును. జాకో పామర్ అను కార్మిక సంఘ నాయకుడు, ఇతడును జాన్ మిల్సే, తన కర్మాగారమున గోమెజ్ అను నల్లజాతి కార్మికునికి పై పదవి ఇచ్చుటను వ్యతిరేకించువారితో వాదించి, సభలో మాటలాడి, నెగ్గును. సంఘములో సమానత్వమును గెలిపించి యింటికి వచ్చుసరికి, ఉపాధ్యాయినియైన తన కుమార్తె జమైకాకు చెందిన తోటి ఉపాధ్యాయుని పెండ్లాడ దలచినదని తెలియును.

ఇచ్చటినుండి చిత్రము పదునెక్కును. భార్య నోట వెడలు మాటలు వినుటకు కష్టముగ నుండును. ఆమెను దర్శకుడు రాక్షసిని చేయలేదు. ఏండ్ల తరబడి భర్త సంఘపు పనులలో మునిగియుండగా, ఒక ఇఱుకు ఇంటిలో ఒంటరిగా బ్రదికిన మనిషి ఆమె. స్నానపు గది యైనను లేని ఇల్లు. తన బిడ్డకైనను మంచి బ్రదుకు దక్కవలెనను ఆశ ఆమెలో ద్వేషముగా పులిసిపోయినది. బేకరు ఈ కథను విశాలమైన సినిమాస్కోప్ తెరపై తీసెను. మొదట మాకిది వింతగా తోచినది. తరువాత తెలిసినది, అంత వెడల్పు తెరపై ఆ యిఱుకు గది మఱింత ఇఱుకగును. భార్యాభర్తలు చెరియొక అంచున నిలుచుందురు. నడుమ బల్ల, కుర్చీ, మాటలేని చోటు.

ఆ రాత్రి నవంబరు 5, గై ఫాక్స్ పండుగ. వీథులలో మంటలు, బాణసంచా. అల్లరిమూక గోమెజ్‌ను మంటలోనికి త్రోయును. చివరకు తలిదండ్రులు, కుమార్తె, ఆమె వరించిన యువకుడు ఒకే గదిలో ఎదురుబొదురుగా నిలుచుందురు. ఏమి నిర్ణయించిరో చెప్పకయే తెర పడును. ఈ చిత్రమునందు మాకు తోచిన లోపము ఒకటి కలదు. వచ్చి స్థిరపడినవారి యిండ్లలోనికి కెమెరా పోయినను అచ్చట ఎక్కువసేపు నిలువదు. ఆ జమైకా యువకుని తలిదండ్రులు ఏమనుకొందురు? వారి తరఫున అభ్యంతరము లేకుండునా? పరప్రాంతమున బ్రదుకువారిని గూర్చి యింటివారు తీసిన చిత్రములన్నిటిలోను ఈ కొఱత యుండును. చర్చ అంతయు వీరిని రానీయవలెనా వద్దా యని. వచ్చినవారు ఏమి కోరుదురని అడుగువారు తక్కువ. మనము సైతము మన యిండ్లలో పిల్లల వివాహముల మాట వచ్చినపుడు జాకో పామర్ వలె సభలో ఒకటి, నడవలో ఒకటి మాటలాడుట లేదా యని ఈ చిత్రము చూచి మా మిత్రులొకరు అడిగిరి. సమాధానము చెప్పుటకు ఎవరును తొందరపడలేదు.

ఇంతలో బ్రిటిషు చలనచిత్ర సంస్థల స్థితి మారినది. ఇంటింట టెలివిజను పెట్టె వచ్చినది. రాంక్‌ను విడిచిన బేకరు ఆ చిన్న తెరకు పనిచేయసాగెను. ‘ది అవెంజర్స్’, ‘ది సెయింట్’, ‘గిడియన్స్ వే’, తరువాతి కాలమున ‘ది పర్‌స్వేడర్స్’, ‘మైండర్’. గంటసేపటి కథను సుమారు పది పనిదినములలో ముగింపవలెను. పెద్ద చిత్రములు తీసినవారు కొందఱు దీనిని పతనముగా భావించి పెదవి విఱిచిరి. ఇతడు పెదవి విఱిచినట్లు ఆ పనిలో ఎచ్చటను కానరాదు. ‘ది అవెంజర్స్’లో 1965లో ప్రసారమయిన ‘ది టౌన్ ఆఫ్ నో రిటర్న్’ ఆరంభమును చూడుడు. నిర్జనమైన సముద్రతీరము. నీటిలోనుండి నల్లని సంచి యొకటి నడచివచ్చును. సంచి విప్పుకొని, చుక్క నీరైనను తగులని దుస్తులతో, చేత గొడుగుతో, ఒక పెద్దమనిషి వెలువడి, ఏమియు జరుగనట్లు ఊరివైపు నడచిపోవును. మాట లేదు, వివరణ లేదు.

1967 ప్రాంతమున అతడు తన పేరు మార్చుకొనెను. అంతకుముందు తెరపై ‘రాయ్ బేకర్’ అనియే యుండెడిది. అదే పేరుగల మఱియొకడు, ధ్వనికూర్పు చేయువాడు, ఉండుటచే గందరగోళము కలుగుచుండగా నడుమ ‘వార్డ్’ చేర్చెను. ఫలితముగా టైటానిక్ తీసినవాడొకడు, పిశాచముల కథలు తీసినవాడింకొకడు అని భ్రమపడినవారును కలరు. తన పనినే తనకు కాకుండ చేసికొన్నట్లయినది పాపము.

ఆ పిశాచముల కథలను గూర్చి క్లుప్తముగా చెప్పెదము. హామర్ మొదలైన సంస్థలకు అతడు తీసినవి పది వఱకు ఉండును. ‘ది వాంపయిర్ లవర్స్’ (1970), ‘డాక్టర్ జెకిల్ అండ్ సిస్టర్ హైడ్’ (1971), ‘అసైలమ్’ (1972) చూడదగినవి. రెండవదానిలో శాస్త్రజ్ఞుడు ఔషధము త్రాగి స్త్రీగా మారు సన్నివేశమును, అద్దము ముందు, ఎంతో మెలకువతో నడపెను. ‘స్కార్స్ ఆఫ్ డ్రాకులా’ (1970)లో తీగపై వ్రేలాడు గబ్బిలమును చూచి నవ్వు ఆపుకొనుట కష్టము. హాంకాంగ్ సంస్థతో కలిసి తీసిన ‘ది లెజెండ్ ఆఫ్ ది సెవెన్ గోల్డెన్ వాంపయిర్స్’ (1974) ఒక సంత.

కళాస్రష్ట కాడను తీర్పులో సగము సత్యమని మేమన్నది ఇందుకే. మేము ముప్పది యేండ్లకు పైగా ఒక కార్యాలయమున గుమాస్తాగా చిత్తుప్రతులు వ్రాసితిమి. పై వారు సంతకము చేయుదురు, మేము వ్రాయుదుము. ఆదేశము మంచిదైనను చెడ్డదైనను వ్రాత తీరుగా నుండవలెనని శ్రద్ధ తీసికొన్నవారమే. కాని తీరుగా వ్రాసినంతమాత్రమున అన్యాయపు ఆదేశము న్యాయము కాదు. ఒక బీదవాని అర్జీని త్రోసిపుచ్చుచు మేము వ్రాసిన చక్కని ఉత్తరము ఒకటి ఇప్పటికిని మాకు జ్ఞప్తియందున్నది. బేకరు చిత్రములలోను ఇదే చిక్కు. పసలేని కథను సైతము అతడు అంతే శ్రద్ధతో తీసెను. ఆ శ్రద్ధ దానిని రక్షింపలేదు. ఇది నాకు తగదు అని గట్టిగా చెప్పగలిగినవాడైనచో అతని చిత్రముల పట్టిక చిన్నదయ్యెడిది, పేరు పెద్దదయ్యెడిది. అట్లుగాక, వచ్చినదానిని స్వీకరించుటచేతనే, తాను కోరుకొని యుండని మంచి కథలును అతని చేతికి వచ్చినవని ఒప్పుకొనవలెను. ఈ రెండును ఒకే గుణమునుండి పుట్టినవి. ఏది ఎక్కువో మేము తేల్చలేము.

టెలివిజనులో అతని పెద్ద పని 1981 నాటి ‘ది ఫ్లేమ్ ట్రీస్ ఆఫ్ థికా’. ఏడు భాగములు, అన్నిటికి అతడే దర్శకుడు. ఎల్స్‌పెత్ హక్స్‌లీ తన బాల్యమును గూర్చి వ్రాసిన గ్రంథము దీనికి మూలము. 1913లో ఒక ఆంగ్ల కుటుంబము ఎడ్లబండిపై ప్రయాణించి కెన్యాలోని థికా ప్రాంతమున కాఫీ తోట వేయబోవును. తల్లి పాత్రధారిణి హేలీ మిల్స్. తండ్రి జాన్ మిల్స్‌తో ఇన్ని చిత్రములు తీసిన దర్శకుడు ఆమెను నడిపించుట చూచుటకు ముచ్చటగ నుండును. గడ్డినేలలు, వానలు, చిన్నపిల్ల కన్నులు, అన్నియు మనోహరములు. ఐనను మాకు ఒక అసంతృప్తి మిగిలినది. ఆ నేల ఎవరిది? అచ్చటి కికుయు ప్రజలు ఎట్లు పోగొట్టుకొనిరి? చిన్నపిల్ల అడుగని ప్రశ్నను దర్శకుడును అడుగలేదు. వలస వచ్చి స్థిరపడుటలో రెండు విధములు కలవు. చేతులు జోడించి వచ్చుట, తుపాకి పట్టి వచ్చుట. ‘ఫ్లేమ్ ఇన్ ది స్ట్రీట్స్’ తీసిన చేతికి ఈ భేదము తెలియదని మేము నమ్మజాలము. ఇచ్చటను కథ ఇచ్చినవారు చెప్పినదే చేసినాడు.

అతడు 2000లో ఆత్మకథ ప్రకటించి, 2010 అక్టోబరు 5న, తొంబదిమూడేండ్ల వయస్సున మరణించెను. టైటానిక్ చిత్ర దర్శకుడనియే లోకము అతనిని స్మరించినది.

1967 నాటి ‘క్వాటర్‌మాస్ అండ్ ది పిట్’ను మేము కావలెననియే చివరకు ఉంచితిమి. నైజెల్ నీల్ అను రచయిత బి.బి.సి. టెలివిజనుకై వ్రాయగా 1958–59లో ప్రసారమయిన ధారావాహికమును హామర్ సంస్థవారు చిత్రముగా తీసిరి. లండనులో హాబ్స్ ఎండ్ అను భూగర్భ రైలు స్టేషను త్రవ్వుచుండగా, ఏబది లక్షల యేండ్లనాటి కపాలములు, ఒక వింత లోహనౌక బయటపడును. అంగారక గ్రహమునుండి మిడుతలవంటి ప్రాణులు వచ్చి, ఆనాటి వానరజాతి మెదడులలో తమ గుణమును నాటిపోయినవని ప్రొఫెసరు క్వాటర్‌మాస్ కనుగొనును. ఆ గుణమేది? తమ గూటిలో తమకంటె భిన్నముగా నున్నవారిని ఏరి చంపుట.

కథ వినుటకు బాలభారతమువలె తోచవచ్చును. కాని బేకరు దానిని టైటానిక్ తీసినంత నిబ్బరముగా తీసెను. సైనికాధికారి వాదించును, మంత్రి సందేహించును, పత్రికలవారు గుమికూడుదురు. అన్నియు నిజమైన లండనులో జరుగునట్లే యుండును. చివరి భాగమున ఆ పాతగుణము మేల్కాంచగా నగరమంతయు వేటగాండ్ర గుంపగును. వీథిలో ఒక మనిషిని చుట్టుముట్టి జనులు చంపుదురు. వాడు చేసిన నేరము లేదు, తమవంటివాడు కాడు, అంతే. క్వాటర్‌మాస్ అంతటి జ్ఞానియు ఆ మైకమున తన మిత్రుడు రోనీపై పడి చంపబోవును. తెలివి వచ్చిన పిదప తాను అట్లేల చేసితినో గ్రహించును, నీవు వేఱుగా నుంటివి గనుక అని ఆ మిత్రునితోనే చెప్పును. నీల్ మహాశయుడు ఈ కథను వ్రాసిన యేడు నాటింగ్ హిల్ అల్లర్ల యేడేయని పాఠకులు గమనింపవలెను. ఫర్నిచరు కర్మాగారపు కథగా ఆఱేండ్ల క్రితము చెప్పినదానిని బేకరు ఇచ్చట అంగారకుని కథగా మరల చెప్పినాడు. ఆ మొదటి చిత్రమున ద్వేషమునకు కారణములు పేదరికము, ఒంటరితనము. ఇందులో కారణము మన నెత్తురులోనే కలదనుచున్నాడు. మాకు మొదటిదే నిజమని తోచును. భయపెట్టునది మాత్రము రెండవది.

రోనీ ఉక్కు యంత్రమును ఆ వెలుగుపైకి వంచి, దానితో తానును మరణించును. నగరము చల్లబడును. సామాన్యముగా ఇచ్చట ఒక ఉపన్యాసము, ఒక ఆలింగనము, కొంత సంగీతము ఉండును. ఇచ్చట అవి లేవు. కూలిన గోడల నడుమ క్వాటర్‌మాస్ ఒకవైపు చేరగిలబడియుండును. రోనీతో పనిచేసిన యువతి కొంత దూరమున కూర్చుండును. ఒకరి ముఖమును ఒకరు చూచుకొనరు. వెనుక మంటలు. వారిపైనే పేర్లు జరుగనారంభించును, అవి పూర్తియగు వఱకు ఇరువురును కదలరు, మాటలాడరు.